కనపడని చుక్క

తరమణిలో ఏడో అంతస్తు. ఏసీ ఆపేసి గంటయింది.
కోబాల్‌ని జావాలోకి మారుస్తున్నాను.
నలభై రెండు వేల వరసలు,
నెలనెలా ఒకటో తారీఖున
మిల్లు కార్మికుల పింఛను లెక్కగట్టిన వరసలు.

చాలావరకు యంత్రమే మార్చేసింది.
పాత జాబితా, కొత్త జాబితా పక్కపక్కన పెట్టి
తేడా వచ్చిన చోట వేలు పెట్టడం నా పని.

తేడా ఒక్క రూపాయి.
పదకొండు వందల మందికి, తలా ఒక్క రూపాయి.
"రూపాయేగా చంద్రకళా, సంతకం పెట్టేయ్,"
అన్నాడు మా మేనేజరు, కుర్చీ తిప్పకుండానే.

పెట్టలేదు.
గురువారం పద్మాసని గారిని పిలిపించారు.
రాసింది ఆవిడే, ఎనభై ఏడులో.
అంబత్తూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చింది.
తెర మీద అక్షరాలు చీమల్లా ఉన్నాయని
కాగితాల మీద అచ్చు తీయించుకుంది.

"తొమ్మిదులు ఐదు, వి, తొమ్మిది, తొమ్మిది.
వి అంటే అక్కడ చుక్క ఉందని.
అది చోటు తీసుకోదు. టేపులో వెతికినా దొరకదు.
ఉందని మనకు తెలియాలి, అంతే."
తమిళంలోనే చెప్పింది.

ఆ చుక్కని నేను డబుల్‌లో పోశాను.
తేలింది.
యాభై పైసలు
నలభై తొమ్మిదీ తొమ్మిదులూ తొమ్మిదులై
కింది రూపాయిలోకి జారిపోయాయి.

బళ్ళో ఉండగా పాత నిఘంటువులో
వాఁడు, వీఁడు చూసి
అచ్చుతప్పు అనుకుని బ్లేడుతో గీకాను.
చిత్తూరులో మా అమ్మ ఇప్పటికీ "వాండ్లు" అంటుంది.
గీకిన సున్న ఆమె ముక్కులో ఉంది.

"అర్ధరూపాయి వస్తే పైకే ఎందుకు?" అడిగాను.
పెన్సిలు చెవి వెనక దోపుకుంది.
"కౌంటరు దగ్గర ఒకాయన నిలబడిపోయాడు.
ఇంటికి వెళ్లే బస్సుకి అర్ధరూపాయి తక్కువ.
మర్నాడు వచ్చి ఆ వరస మార్చాను.
ఎవరినీ అడగలేదు."

పాత కోడులో ఆ వరస పైన
'కత్తిరించవద్దు. ప. 87' అని ఉండేదట.
యంత్రం వ్యాఖ్యలన్నీ పారేసింది.

రాత్రికి దశాంశాలు సరిచేసి మళ్లీ నడిపాను.
తేడా: సున్న.
ఆ మాటని దాని చోట తిరిగి పెట్టాను,
ఆవిడ పొడి అక్షరంతో సహా.

వెళ్తూ వెళ్తూ ఆ కాగితాలన్నీ
చేతిసంచిలో మడిచి పెట్టుకుంది పద్మాసని గారు.
"వెనక ఖాళీయే కదమ్మా,
పాల లెక్క రాసుకుంటా."