రెండు సెకన్లు

చీమకుర్తి క్వారీ అంచున
మెడకి సెకండ్‌హ్యాండ్ కెమెరా.
"అపర్చరంటే కన్ను చికిలించడమే అబ్బయ్యా,
షట్టరు రెప్ప.
ఎంతసేపు తెరుస్తావో నీ ఇష్టం"
అన్నాడు స్టూడియో ఖాజావలి,
టీ బాకీ కూడా నా లెక్కలో రాయించి.

మధ్యాహ్నం వెయ్యో వంతులో కొడితే
రంపం మీది నీళ్లు గాజుపెంకులై ఆగాయి.
ఒక్కో చుక్కా కోసుకునేట్టుంది.

పొద్దు గూకాక ఇరవై రెండుకి మూశా.
కెమెరాని గెలాక్సీ రాతిదిమ్మ మీద పెట్టి
ఊపిరి బిగబట్టా, రెండు సెకన్లు.

నీళ్లు మీగడ కట్టాయి.
వాటి పక్కనే తిరుగుతున్న మాలకొండయ్య లేడు.
బీడీ ముట్టిస్తూ నిలబడ్డ మేస్త్రీ
మీసంతో సహా ఉన్నాడు.

చెరిపేద్దామనుకుంటుంటే
మాలకొండయ్యే వచ్చి తెరలోకి వంగాడు.
చాలాసేపు చూసి
వేలు పెట్టాడు, గాల్లోని ఎర్రమరక మీద:
"ఇదుగో, నా తువ్వాలు."