డెబ్బై అయిదు డిగ్రీలు

రెండు కప్పులు పోయమన్నాను,
ఒకటి ఆమెకు, ఒకటి థర్మామీటరుకు.
ఓగుల్‌గెరెక్ నవ్వింది:
"నీ ఇనుప పుల్లకి చక్కెర వేయనా?"

గోలెస్తాన్ గడ్డిమైదానం, ఏప్రిల్.
గాలికి గుమ్మం తెర ఎగిరెగిరి పడుతోంది.
సగం నేసిన తివాచీ మీద దువ్వెన దిగబడి ఉంది.
ఆమె పేరుకి అర్థం, కొడుకు కావాలి, అని.
నాలుగో ఆడపిల్లగా పుట్టింది,
రాబోయేవాడి కోసం ఆమెకి పేరు పెట్టారు.
అది నా ఫారంలో ఏ గడిలోనూ పట్టలేదు.

పట్టినవి: వయసు అరవై ఒకటి,
మిగిలిన పళ్ళు పదకొండు,
బావి నీళ్ళు, పండ్లు దొరికితేనే.
నల్లమందు దగ్గర ఆగాను.
భర్త గదిలోనే ఉన్నాడు.
ఆమె ఒక వేలు ఎత్తి, మళ్ళీ దించేసింది.
"కాన్పుల తర్వాత. నొప్పికి."

పుల్ల డెబ్బై అయిదు చూపింది.
ఒక గుటక వేయండి, మీరు రోజూ తాగే వేడి
ఇదేనా, కాకపోతే ఆగుదాం
అని చెప్పడం పూర్తికాలేదు, కప్పు ఖాళీ.
ఊదుకుని ఊదుకుని అరవై దగ్గర తాగేవాళ్ళున్నారు.
ఈమెని రాయడానికి కాగితంలో ఇంకా పైన గడి లేదు.
"చల్లారిన టీ పోస్తే
మా గడప తొక్కొద్దని చెప్పినట్టే" అంటూ నాకూ పోసింది.
తాగాను. నాలుక కాలింది. ఆ సంగతి రాయలేదు.

మా ఇళ్ళల్లో ఈ జబ్బుని పేరుపెట్టి పిలవరు.
ముద్ద దిగడం లేదంటారు.
ముందు రొట్టె దిగదు,
తర్వాత పులుసులో నానిన రొట్టె,
తర్వాత పాలు.
మా పెద్దమ్మకి చివరికి తన ఉమ్మే బరువైంది.
నాకప్పుడు పన్నెండేళ్ళు, చెంచా పట్టుకుని కూచున్నాను.

గోళ్ళు కత్తిరించి ఇమ్మంటే, "చేతబడికా?" అంది.
కాదు, నెలల తరబడి ఏం తిన్నారో గోరు దాచుకుంటుందన్నాను.
"ఉప్పెక్కువైన రోజు కూడానా?"

రక్తం మూడు గొట్టాలు, మంచుపెట్టెలో,
జీపులో నా ఒళ్ళో, గతుకు గతుకుకీ చేయి అడ్డం పెట్టుకుంటూ.
పట్నంలో ఒక గది ఉంది,
సున్నాకి ఎనభై డిగ్రీలు దిగువన.
వేలమంది అక్కడ అరల్లో నిలబడి ఉన్నారు.
కొందరు బయట చనిపోయి చాలా కాలమైంది.
లోపల ఎవరూ వాళ్ళకింకా చెప్పలేదు.

చలికాలంలో ఆమే వచ్చింది, క్లినిక్‌కి.
గొట్టం మింగలేక కక్కలేక నా మణికట్టు నొక్కిపట్టింది.
డాక్టరు తూమాజ్ లోపల అయోడిన్ చల్లాడు.
మంచి చోటంతా గోధుమరంగు తిరుగుతుంది,
చెడిన చోటికి రంగు అంటదు.
బియ్యపు గింజంత పాలిపోయిన మచ్చ.
తర్వాత ఆ బొమ్మ ఆమెకి చూపించాం,
నలభై ఏళ్ళు ఉన్నికి రంగులద్దిన మనిషికి.
చాలాసేపు చూసింది.
"పటిక పట్టలేదు ఇక్కడ. ఈ పోగు తీసేయాల్సిందే."

తీసేశారు.

"టీ వల్లేనా?"
డాక్టరుకి అబద్ధం చేతకాదు.
వేలమందిని కలిపి అడిగితే కొంత చెప్పగలను,
మీ ఒక్కరి సంగతి చెప్పలేను, అన్నాడు.
ఆమెకి కోపమొచ్చింది. నిజానికి నాకూ వచ్చింది.
గుటక వేసింది వేలమంది కాదు కదా.

ఏడాదికోసారి ఫోను చేస్తాం.
మా పరిశోధన చాలావరకు ఇదే,
మోగించడం, ఎవరు ఎత్తుతారో అని
ఊపిరి బిగబట్టడం.
ఈసారి తనే ఎత్తింది.
ముద్ద దిగుతోందా?
దిగుతోంది.
టీ?
"పోసి, నాలుగు నిమిషాలు ఆగుతున్నాం, నువ్వన్నట్టే.
నలభై మూడేళ్ళ కాపురం.
గబగబా తాగేసి ఎవరి పనికి వాళ్ళం లేచిపోయేవాళ్ళం.
ఇప్పుడు కప్పుల ముందు ఎదురెదురుగా కూచుంటున్నాం.
ఆ నాలుగు నిమిషాలూ
ఏం మాట్లాడుకోవాలో తెలియడం లేదమ్మా."