ఏసీ శ్రుతి

రువి బస్టాండు వెనక
మస్తాన్ వలి దర్జీ కొట్టు.
శుక్రవారం, జుమ్మా నమాజు అయ్యాక
సగం దించిన షటర్ కింద వంగి దూరతాం.
నడుములు మూలుగుతాయి.
అదే మా మొదటి ఆలాపన.

వలి హార్మోనియంలో రెండు మెట్లు పలకవు.
ఆ స్వరాలొస్తే తనే నోటితో అనేస్తాడు.
ట్యాంకరు తోలే దైవసహాయం
బాపట్ల చర్చిలో డోలక్ కొట్టినవాడు,
ఇక్కడ కుట్టుమిషను చెక్కమూత మీద దరువేస్తాడు.

నాకు యాభై ఎనిమిది.
పాత సామాన్లలో పద్నాలుగు రియాళ్ళకి దొరికింది ఫిడేలు.
వెల్డింగుకి మొద్దుబారిన వేళ్ళకి
తీగ తగిలిందో లేదో తెలీదు.
చెవికి తెలుస్తుంది, కాస్త ఆలస్యంగా.

తంబురా ఎక్కడిది?
కిటికీ ఏసీ రొదకే శ్రుతి చేసుకుంటాం.
మోహన మొదలెడితే
ఎవరి మోహన వాళ్ళది.

మొన్న మధ్యలో కరెంటు పోయింది.
ఏసీ ఆగింది.
మేం ఆగలేదు.
చీకట్లో, చెమటలో
ఒక్క షడ్జమం నిలబడింది,
ముగ్గురిలో ఎవరిదో పోల్చుకోలేనంత సన్నగా.

లైట్లు వెలిగాక
వలి నెత్తి కొట్టుకున్నాడు:
"అన్నా, నీ కమాను కింద చూడు!
కాఫీరంగు దిష్దాషా నిండా గుగ్గిలం పొడి.
పొద్దున్నే డెలివరీ!"