చిల్లర సంచి

ఇరవై ఆరేళ్ల తర్వాత
నాకు దొరికిన మొదటి మే నెల ఇది.
అంతకు ముందువన్నీ
గుంటూరు నుంచి మాచర్ల దాకా
కాలిన రేకు మీద నిలబడే గడిచాయి.

టికెట్ల మిషను డిపోలో అప్పగించి
సంతకం పెట్టాను.
తోలుసంచి ఏదంటే పోయిందన్నాను.
ఇప్పుడది మేడ మీద
నీళ్ల ట్యాంకు పైపుకి వేలాడుతోంది.
రూపాయల అరలో బీర గింజలు,
రెండు రూపాయల అరలో దోస,
ఐదు రూపాయల దాంట్లో సొర.
నోట్లుండే వెనక అరలో
సైదాబీ ఇచ్చిన, పేరు తెలియని ఏదో తీగ విత్తు.
వేశాక చూద్దాం, ఏ ఊళ్లో దిగుతుందో.

నల్లచెరువు మూడో లైన్లో
ఐదింటికే తలుపులు తెరుచుకుంటాయి.
ఆ గంటన్నరే మనది, తర్వాతంతా ఎండది.
పెయింటు డబ్బాల్లో నీళ్లు పోస్తే
నిన్నటి ఎండ ఇంకా అడుగున ఉన్నట్టుంది,
మట్టి చుయ్‌మంటుంది.
బీరపూలది సాయంత్రం బండి,
ఆరింటికి గానీ రావు.
నిన్న లెక్కపెట్టాను:
మగపూలు పదిహేడు, ఆడపువ్వు ఒక్కటి.
స్త్రీల సీట్లోంచి లేవండయ్యా అని
అలవాటుగా అరవబోయాను.

ఏడింటికి నాగమల్లేశ్వరి బండి.
పెనుమాక దొండకాయలు, తెనాలి నిమ్మకాయలు,
తాటాకు కప్పిన ముంజెలు.
లేతవేనా అంటే
బొటనవేలితో పొడిచి నా నోటికే అందిస్తుంది.
నీళ్లు గడ్డం మీదుగా జాకెట్లోకి.
ముంజె అంటే నాకు ఇన్నాళ్లూ
పిడుగురాళ్ల స్టాండులో, కిటికీ అవతల,
ఎవరో తింటుంటే చూసినదే.
చిల్లర లేదంటుంది మల్లేశ్వరి.
ఎవరికి చెప్తున్నావే, అంటాను.

పది దాటాక ఎండ ఊరిని మూసేస్తుంది.
మిర్చియార్డు వైపు నుంచి గాలి తిరిగితే
లైనంతా ఒక్కసారే తుమ్ముతుంది.
చిరంజీవ అని ఎవరికి వాళ్లే అనుకుంటారు.
అప్పుడొచ్చి సైదాబీ
మా వసారాలో బొంత పరుస్తుంది.

వానాకాలపు బొంత ఎండల్లోనే కుట్టాలట,
పాత చీరలో చెమ్మ మిగలకూడదట.
అడుగున వాళ్లత్త నేతచీర,
మధ్యన నా వంగపండు రంగు చీర రెండు పొరలు,
పైనంతా అతుకులు.
నా ఖాకీ చొక్కా తెచ్చి ఇస్తే
జేబు దగ్గర కత్తెర పెట్టి ఆగింది.
"ఉండనీ. రాత్రి కళ్లజోడు పెట్టుకుంటావు."
జేబుతో సహా కుట్టేసింది.

ఆమె కుట్లు చీమలబారు.
నావి గతుకుల రోడ్డు,
సత్తెనపల్లి దాటాక వచ్చేది.
విప్పుతానంటే ఒప్పుకోదు.
"నీ వైపు నువ్వే కప్పుకో."

మధ్యాహ్నానికి దోసకాయ పప్పు అనుకున్నాం.
మేడ మీది తొలికాయ.
తొడిమ దగ్గర కోసి నాలిక్కి తాకించాను.
చేదు.
నలభై రోజులు నీళ్లు పోసి పెంచిన చేదు.
సైదాబీ ఇంకో ముక్క నమిలింది, ఇంకొంచెం కింద ఇంకో ముక్క,
నమిలి, ఆలోచించి,
"ఇక్కణ్ణించి బాగుంది" అంది, వేలు పెట్టి చూపించి.
ఆమె వేలు పెట్టిన చోటు నుంచే పప్పు.
చాలలేదు. నిమ్మకాయ నంజుకున్నాం.

రాత్రి కరెంటు పోయింది.
మేడ మీద, సగం కుట్టిన బొంత మీదే
ఇద్దరం వాలిపోయాం.
ట్యాంకు చుట్టూ బీరపూలు,
చీకట్లో కూడా వాటి పసుపు తెలుస్తోంది.
దూరంగా ఆఖరి మాచర్ల బండి హారను,
రెండు పొట్టివి, ఒకటి పొడుగుది.
ఏసుపాదం చెయ్యే అది.
రైట్ రైట్, అన్నాను నోట్లోనే.
పక్కకి ఒత్తిగిలబోతుంటే
సైదాబీ, నిద్రలోంచి:
"సూది అందులోనే ఉంది.
నీ వైపో, నా వైపో.
చూసుకుని తిరుగు."