అరనిమిషం ముందు

సౌత్ షీల్డ్స్‌లో పొగమంచు పట్టిన రోజున
రేవులోంచి ఓడ కూత వస్తుంది.
అది మాకెవరికీ వినబడకముందే
ఎల్లిస్ చెవులు మూసుకుంటాడు.

వాడికి నాలుగు నిండి నెల.
నేనీ నర్సరీలో వంటమనిషిని.
అంతకుముందు పాతికేళ్ళు చేపల షెడ్డులో ముళ్ళు తీశాను,
చేతులకి ఆ ఓపిక ఇంకా మిగిలుంది.
వంటగదికీ పిల్లల గదికీ మధ్య చిన్న కిటికీ:
పళ్ళేలు అందులోంచి వెళతాయి,
కబుర్లు అందులోంచి వస్తాయి.

మొదటివారం వాడు బల్లకింద కాపురం పెట్టాడు.
అందరూ చప్పట్లు కొట్టి పాడుతుంటే
చెక్కరైలు చక్రాన్ని వేలితో తిప్పి, తిప్పి
చెంపకి ఆనించి చూసుకునేవాడు.
నజాత్ వెళ్ళి వాడి పక్కన నేలమీద పడుకుంది.
ముప్పై దాటిన మనిషి, యూనిఫాం నిండా ఇసుక.
వాళ్ళ ముత్తాత ఓడ కొలిమిలో బొగ్గు వేస్తూ
యెమెన్ నుంచి వచ్చి ఇక్కడే దిగిపోయాడట.
ఏమీ అనలేదామె. తనూ ఓ చక్రం తిప్పింది.
మూడోరోజు వాడు తన రైలుని
ఆమె మోచేతివైపు జానెడు తోశాడు.
ఆ పూట నజాత్ అన్నం సంగతి మరిచి
నా కిటికీ దగ్గర నిలబడి
ఆ జానెడు గురించే చెప్పింది.

తరవాత ఒక్కొక్కటే తెలిసొచ్చాయి.
రొట్టెకి అంచులు తీసెయ్యాలి, నీలం పళ్ళెంలోనే పెట్టాలి,
బీన్స్ పులుసు దాన్ని తాకకూడదు.
తాకిందా, ఆ పూటకి పస్తే.
చేతులారబెట్టే యంత్రం వాడికి పులి.
దాని భయానికి బాత్రూం గడప తొక్కడు.
నేనే స్టూలెక్కి ప్లగ్గు పీకి
'పనిచేయదు' అని కాగితం అంటించాను.
తనిఖీకొచ్చినాయన రిపేరుకి రాసుకోబోతే
మేనేజరు టీ తాగుదురుగాని రమ్మని తీసుకుపోయింది.
ఏడాదైంది. తువ్వాళ్ళు నేనే ఉతుకుతున్నాను.

కౌన్సిల్ కాగితాలు పదిహేడు పేజీలు.
'బాలుడు ఏమేమి చేయలేడు' అని వరసగా గళ్ళు.
వాళ్ళమ్మ షోనా బస్సు డిపోలో రాత్రి డ్యూటీ దిగి వచ్చి
పిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే నింపింది.
ఐదో పేజీలో పెన్ను ఆగింది.
"సాయం రావాలంటే నా బిడ్డని ఇంత చిన్నబుచ్చి రాయాలా?"
నజాత్ దగ్గర జవాబు లేదు.
నా దగ్గర వేడి టీ ఉంది.
చివరికి వచ్చింది: రోజుకి గంటా పావు.
గంటా పావు దాటాక వాడేమవుతాడో
రాయడానికి గడి లేదు.

వాడి నడుముకిప్పుడు బొమ్మల అట్టల గుత్తి.
రొట్టె. నీళ్ళు. బయటికి. చాలు.
'ఇంకా' అనే అట్టని లోకంలో మొదట నాకే ఇచ్చాడు.
రెండో రొట్టె కాల్చాను, మూడోది కాల్చాను,
నజాత్ కళ్ళెర్రచేసేదాకా కాలుస్తూనే ఉన్నాను.
కొత్తగా వచ్చిన టీచరు వీడికి మాటలు రావా అంటే
ట్రిక్సీ అనే మూడేళ్ళ పెద్దమనిషి చెప్పింది:
"వస్తాయి. జేబులో పెట్టుకుంటాడు."

మొన్న మంగళవారం కిటికీల బయట తెల్లటి గోడ.
నేను పిండి కలుపుతున్నాను, మోచేతులదాకా.
కిటికీ చెక్కమీద టక్కుమని ఒక అట్ట పడింది.
రొట్టె కాదు. చెవులమీద చేతులు పెట్టుకున్న బొమ్మ.
నావైపు చూడలేదు వాడు; చూడడు.
నా చేతులవైపు చూస్తున్నాడు.
వెనక ట్రిక్సీ మూసుకుంది, జునైద్ మూసుకున్నాడు,
నజాత్ కూడా, పెన్సిలు చెవిలోనే ఉండగా.
ఇక మిగిలింది నేను.
పిండి చేతులతోనే మూసుకున్నాను.

అప్పుడు కూసింది ఓడ.

మధ్యాహ్నం నా జుట్టు చూసి
ఏమైందని అడిగింది మేనేజరు.
పొగమంచు, అన్నాను.