చెక్క ఒదిలిన పొద్దు

సీతంపేట కొండ మీద
వాన వెలిసిన నాలుగో రోజు
మా అత్త బిడ్డిక తౌడమ్మ
దాల్చిన కొమ్మని గోటితో గిల్లి చూసింది.
"సెక్క ఒదిల్నాది. కత్తట్టుకురాయే గుంటా."

అందరూ జీడి వేసిన ఏడాది
ఈవిడ ఇరవై మొక్కలు మోసుకొచ్చిందట.
మేకలు తినగా మిగిలినవి తొమ్మిది.

పసిబిడ్డ ఒంటి మీంచి
తడిసిన చొక్కా తీసినట్టు
మెల్లగా, చిరగకుండా.
నీడలో ఆరి
తనంతట తనే చుట్టుకుంటుంది చెక్క.

సోమవారం సంతలో సావుకారి
రెండు వేళ్ళతో విరిచి
"మందం" అంటాడు. ధర సగం.

ఆకు మాత్రం అమ్మదు.
పురిటి కషాయానికి, నా పంటిపోటుకి,
ముసలాయన దగ్గుకి.

నరికిన మోడు పక్కన నాలుగు ఎర్ర చిగుళ్ళు.
వాటి మీద కంప కప్పి
మేకని తిట్టుకుంటూ దిగిపోయింది.

రాత్రి ఆ కత్తితోనే ఉల్లిపాయ కోశాను.
కూర బాగుందని ఎవరూ అనలేదు.
రెండోసారి వడ్డించుకున్నారు.