కెజ్, పద్నాలుగు గంటల యాభై రెండు నిమిషాలు

గ్రిమ్స్‌బీలో ఆదివారం, కార్ల డిక్కీల సంతలో
ఒక జత రబ్బరు బూట్ల కింద దొరికింది.
యాభై పెన్నీలు.
అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద బూడిదరంగు కార్ట్రిడ్జ్.
బొమ్మ సగం చిరిగింది. వెనక బాల్‌పెన్నుతో:
కెజ్‌ది. ముట్టుకుంటే చంపుతా.

ముట్టుకున్నాను.

లోపల చొక్కా గుండీ అంత బ్యాటరీ,
ముప్పై ఏళ్ళుగా కొడిగడుతూ
ఒక పిల్ల ఆగిపోయిన చోటుని కాపాడుతోంది.
అది ఆరిపోయేలోపు రీడరుకి గుచ్చి
అంతా కంప్యూటర్లోకి, అక్కణ్ణించి
నా చేతిలోని కన్సోల్లోకి తోడిపోసుకున్నాను.

పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందంటారు.
ఇక్కడ తిరకాసు. పులే నక్కలా నటిస్తోంది.
లక్షల రంగులు తెలిసిన తెర
నాలుగు పాచిరంగులు తప్ప ఎరగనట్టు కూర్చుంది.
గళ్ళ గీతలు కావాలా అంది, కావాలన్నాను.
కదిలే బొమ్మ వెనక మసక తోక కావాలా అంది,
అదీ కావాలన్నాను.
ఒకప్పుడు పిల్లలు తిట్టుకున్న లోపాలన్నీ
మెనూలో టిక్కులు పెట్టి మరీ తెచ్చుకున్నాను.
పాట మాత్రం ఇంకా గీరుతోంది, జలుబు చేసిన కీచురాయిలా.

రాత్రి రెండున్నర. కోల్డ్ స్టోరేజీ బ్రేక్ రూము.
గ్లవ్స్ తీసినా మొద్దుబారిన వేళ్ళు, హాడక్ వాసన.
టెరెన్స్ టీలో బిస్కెట్ ముంచి మరిచిపోయాడు.
తెర మీద కెజ్,
ఏటి ఒడ్డున, పడవవాడి ఎదురుగా,
చేతిలో మూడు నాణేలు.
పడవకి నాలుగు.

వాళ్ళమ్మ తిండికి పిలిచిందా?
ఆ ఒక్క నాణెం మీద అలిగిందా?

నా ఆట రెండో వరసలో మొదలుపెట్టాను.
పేరుకి నాలుగు గళ్ళే. హైమవతి పట్టదు.
హైమ అని కుదించుకున్నాను,
ఈ ఊళ్ళో అందరి నోళ్ళకీ కుదించుకున్నట్టే.

ఒక్క రాత్రి మాత్రం దొంగపని చేశాను.
కెజ్ ఉన్న క్షణాన్ని ఉన్నపళంగా గడ్డకట్టించి
(చేపల్ని చేస్తాం కదా, అలా)
పొదలన్నీ గాలించి నాలుగో నాణెం తెచ్చి
తనని ఏరు దాటించాను.
చూశాను. మళ్ళీ ఒడ్డునే దించేశాను.
మూడు నాణేలే. చెప్పులైనా తడవలేదు.

కెజ్, నీకిప్పుడు నలభై నిండి ఉంటాయి.
అవతల పెద్దగా ఏం లేదు.
మూసేసిన దుకాణం,
ఎటెళ్ళినా వెంటపడే కోడి ఒకటి.
దాంతో రెండుసార్లు మాట్లాడితే మాత్రం

బెల్లు మోగింది.
టెరెన్స్, నా గ్లవ్స్ ఏవి?